వేలు కొరికిన పిల్ల

"నోరు తెరువు. ఇంకా. పెద్ద ఆవలింత వచ్చినంత."

పాప తెరిచింది. తల్లి చెంచా తిరగేసి, కాడతో ఒక్కో పన్నునూ మెల్లగా మీటింది. ఒకటి, రెండు, మూడు. వారం రోజులుగా ప్రతి ఉదయమూ ఇదే ఆట. వంటింటి స్టూలు డాక్టరు కుర్చీ. కిటికీలోంచి పడే ఎండ డాక్టరు దీపం. మెడ చుట్టూ తువ్వాలు.

"అద్దం చల్లగా తగులుతుంది. అంతే. అది కరవదు. కరిచేది నువ్వే."

పాప నవ్వబోయి ఆగింది. "నేను కరిచానా?"

"కరిచావుగా, కిందటిసారి! డాక్టరుగారి వేలు. ఏ వేలు?"

"చూపుడు వేలు."

"ఏ చెయ్యి?"

పాప కళ్ళు మూసుకుని ఆలోచించింది. "కుడి."

"అప్పుడు ఆయన నిన్నేమన్నారు?"

"ఉడత."

"నా తల్లే!" తల్లి పాప నుదుటి మీద ముద్దుపెట్టింది. పెదవులు అక్కడే కాస్త ఎక్కువసేపు నిలిచిపోయాయి.

తరువాత పళ్ళు తోమడం. గులాబీ రంగు బ్రష్షు కుచ్చు నలిగి, నలువైపులకూ విచ్చుకుపోయింది. కొత్తది కొనమని తండ్రి రెండుసార్లు చెప్పాడు. ఆమె వినలేదు. పాప కుడిచెయ్యి చాచింది. తల్లి ఆ చేతిని దించి, బ్రష్షు ఎడమచేతిలో పెట్టింది.

"ఇదీ నీ చెయ్యి. చిగుళ్ళ మీద గుండ్రంగా తిప్పు. తొందరలేదు."

తండ్రి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. బడిలో చేర్చుకోవాలంటే పళ్ళ డాక్టరు సంతకం కావాలన్నారు. ఎవరి సంతకమైనా చెల్లుతుంది.

"ఊళ్ళో ఇంకో డాక్టరే దొరకలేదటే నీకు?"

"దొరక్కేం. మన పాపని ఎరిగింది మాత్రం ఈయనే."

"అందుకే వద్దంటున్నా. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వు."

"ఆయన చూసి, ఓహో నువ్వా అంటే చాలండీ. నా ప్రాణం కుదుటపడుతుంది. ఇంకేమీ అడగను."

"ఆయన చూసేది మొహం కాదు. పళ్ళు."

"పాలపళ్ళేగా! పోయినా మళ్ళీ వస్తాయి. చిన్నపిల్లల్లో ఏదీ పోయినట్టు కాదు."

అతను చెప్పుల కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పాపకు తెల్ల చుక్కల గౌను తొడిగింది తల్లి. రెండేళ్ల కిందట ఆ డాక్టరు కుర్చీలో కూర్చున్నప్పటి గౌనే. భుజాల దగ్గర ఇప్పటికీ వదులే.

ఆసుపత్రి మెట్ల దగ్గర పాప ఆగిపోయింది.

"అమ్మా, నేను ఏడిస్తే నన్ను వదిలేసి వస్తావా?"

"ఛ, అదేం మాటే!"

"మరి తప్పు చెబితే?"

తల్లి పాప చేతిని మరింత గట్టిగా పట్టుకుంది.

లోపల లవంగనూనె వాసన. పాత కార్డుల పెట్టెలోంచి నర్సమ్మ కార్డు తీసింది. కళ్ళజోడు సవరించుకుని పాపను ఎగాదిగా చూసింది.

"అయ్యో, మా ఉడతపిల్లే! ఏం పెడుతున్నారమ్మా దీనికి? ఇసుమంతైనా ఎదగలేదు!"

"తిండి దగ్గర పేచీ అండీ," అంది తల్లి, గబగబా.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పాపను చూడగానే రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"అమ్మో, ఇది మళ్ళీ వచ్చిందే! ఇంకా సలుపుతోంది తల్లీ నా వేలు. ఏ వేలో చెప్పు చూద్దాం?"

పాప తల్లివైపు చూసింది. తల్లి ఊపిరి బిగబట్టింది.

"చూపుడు వేలు. కుడి చెయ్యి."

"పెంకిఘటం! చేసిందంతా జ్ఞాపకం పెట్టుకుంది!"

డాక్టరు నవ్వాడు. నర్సమ్మ నవ్వింది. తల్లి నవ్వబోతే కళ్ళు నిండాయి. తండ్రి గోడకు ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు.

కుర్చీ పైకి లేచింది. దీపం వెలిగింది. పాప ఏడవలేదు.

"నొప్పెడితే చెయ్యెత్తు. సరేనా? ఎలా ఎత్తుతావు?"

పాప ఎడమచెయ్యి ఎత్తింది.

"భేష్. ఇంత బుద్ధిమంతురాలివి ఎప్పుడయ్యావే?"

అద్దం లోపలికి వెళ్ళింది. డాక్టరు పాటలా పైకి లెక్కపెట్టాడు. పై వరుస పది. కింది వరుస ఎడమనుంచి కుడికి. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది.

లెక్క ఆగింది.

ఆయన దీపం వంచాడు. అద్దం తిప్పాడు. చివరి పన్నును వేలితో అదిమి చూశాడు. కదల్లేదు. ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు.

"కార్డు ఇలా ఇవ్వమ్మా," అన్నాడు నర్సమ్మతో.

"మా పాపేగా డాక్టరుగారూ?" తల్లి కుర్చీ దగ్గరికి జరిగింది. "గుర్తుపట్టారుగా మీరు?"

ఆయన కార్డు చదివాడు. మళ్ళీ చదివాడు. రాత తనదే, తేదీ తనదే, కింద సంతకమూ తనదే. పాప నోరు ఇంకా తెరిచే ఉంది. చెప్పినట్టు చేస్తున్నానా లేదా అని కళ్ళు మాత్రం తల్లిని వెతుకుతున్నాయి.

పదేళ్లు నిండితేగానీ కొత్త పన్ను మొలవని ఆ చోట, రెండేళ్ల కిందట తన చేత్తో పీకేసిన పాలపన్ను చెక్కుచెదరకుండా ఉంది.