నానమ్మకు నచ్చిన గొంతు

“ఇవాళ వచ్చాడా, వచ్చిందా?” గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చిట్టిని నానమ్మ రోజూలాగే అడిగింది.

“వచ్చాడు,” అన్నాడు చిట్టి నవ్వుతూ.

ఆ ప్రశ్న ఆవిడ సొంతంగా కనిపెట్టింది. అయిదేళ్ల కిందట చిట్టి, “నేను అమ్మాయిని కాదు, చాలావరకు అబ్బాయినే. అప్పుడప్పుడూ మాత్రం కాస్త అటూ ఇటూ అవుతుంటాను,” అని నీళ్లు నములుతూ చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ నోరు వెళ్లబెట్టారు. నానమ్మ మాత్రం, “రోజూ అడిగి తెలుసుకుంటే పోలా,” అని తేల్చేసింది. అప్పటినుంచి నెలలో పాతిక రోజులు ‘వచ్చాడు’, మిగతా నాలుగైదు రోజులు ‘వచ్చింది’.

తను పనిచేసే కళ్లద్దాల షాపు నుంచి సాయంత్రం రాగానే ఆవిడకు గంటసేపు నవల చదివి వినిపించడం చిట్టి అలవాటు. అది ఈనాటిది కాదు. అప్పట్లో నానమ్మ మరమగ్గాల మిల్లులో పనిచేసేది. ఆ హోరులో పెదాలు చూసే కబుర్లు చెప్పుకునేవాళ్లట. సాయంత్రం జుట్టునిండా దూదిపింజలతో వచ్చి కూలబడి, “చదువు నాన్నా. నీ గొంతు వింటే ఆ మోత నా చెవుల్లోంచి దిగిపోతుంది,” అనేది. ఎనిమిదేళ్ల చిట్టి వారపత్రిక సీరియల్‌ని కూడబలుక్కుని చదివేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మిల్లు మూతపడింది గాని చదువు ఆగలేదు. కిటికీ వెలుగులో ఎదురుబొదురుగా రెండు కుర్చీలు వేసుకుంటారు. ఆవిడ కళ్లార్పకుండా వింటుంది.

ఇవాళ చిట్టి పుస్తకం తెరవలేదు. కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తూ, రెండేళ్లుగా నాలుక చివరే ఆగిపోయిన మాట అనేశాడు. “టెస్టోస్టెరాన్ మొదలుపెడదామనుకుంటున్నాను నానమ్మా.”

వెనకనుంచి ఉలుకూ పలుకూ లేదు. తిరిగి చూస్తే ఆవిడ శాలువా సర్దుకుంటోంది.

“కోపమొచ్చిందా?”

“దేనికిరా?”

రెండోసారి చెప్పించి మరీ సాధిస్తోందనుకున్నాడు. ఎదురుగా కూర్చుని మొదటినుంచీ చెప్పుకొచ్చాడు.

“అయితే గడ్డం, మీసం వస్తాయా?”

“రావచ్చు. కొద్ది మోతాదుతో మొదలుపెడదామంది డాక్టరమ్మ.”

“మరి ‘వచ్చింది’ రోజుల్లో ఏం చేస్తావు?”

“గీసుకుంటాను. బద్ధకమేస్తే గడ్డంతోనే వస్తుంది.”

నానమ్మ పకపకా నవ్వింది. “మీ తాతకు ముచ్చటగా మూడు వెంట్రుకలు మొలిచాయి. నువ్వు మరీ ఆశలు పెట్టుకోకు. ఇంకా దేనికి ఆలోచన?”

“గొంతు. ఒకసారి బొంగురుపోయాక, మందు మానేసినా తిరిగి రాదట.”

“ఆ గొంతు నీకు కావాలా?”

“నాకా? షాపు ఫోనెత్తి హలో అనగానే అవతలివాళ్లు మేడమ్ అంటారు. ఇక రోజంతా చొక్కాలో ముల్లున్నట్టే. ‘వచ్చింది’ రోజుల్లో కూడా ఇది నా గొంతు కాదనే అనిపిస్తుంది.”

“మరి ఎవరికోసం దాస్తున్నావు?”

“నీకోసమే.” చిట్టికి కళ్లలో నీళ్లు తిరిగాయి. “రెండేళ్లుగా ఆ మందుచీటీ జేబులో వేసుకు తిరుగుతున్నాను. చిన్నప్పటినుంచీ నువ్వు వింటున్న గొంతు ఇది. దీన్ని పోగొట్టుకుని రేపు నీ ముందు కూర్చుని ఏం చదవను?”

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని చిట్టి రెండు చేతులూ పట్టుకుంది.

“దాచింది నువ్వొక్కడివే కాదు. తెలిస్తే చదవడానికి రావడం మానేస్తావేమోనని నేనూ ఒకటి దాచాను.”

“ఏమిటి?”

“నాకు చెవులు వినపడక నాలుగేళ్లయింది నాన్నా.”