మూల బల్ల

"సూపులో గోధుమపిండి వేస్తారా?"

సర్వరు నవ్వాడు. "చిక్కదనానికి ఒక చెంచాడు. అంతే మేడమ్."

"నాకు చిటికెడు కూడా పడదు."

"అయితే హోటల్‌కెందుకొచ్చారు? ఆస్పత్రికి వెళ్లాల్సింది."

పక్క బల్ల దగ్గరివాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేసింది.

ఆ ఊళ్లో ఆమెకు అది మూడో రోజు. అది ఐదో హోటల్.

ఆమె కుట్టుమిషన్ల మెకానిక్. బట్టల ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించి, ఆడించి చూపించి రమ్మని కంపెనీ పన్నెండు రోజులకు పంపింది. ఎంత మొండి మిషనైనా ఆమె చెయ్యి పడితే దారికొస్తుంది. దారికి రానిది ఆమె కడుపొక్కటే. గోధుమలో ఉండే గ్లూటెన్ పడదు, ఆ పిండి గాలి కూడా సోకకూడదు అని డాక్టరు మూడేళ్ల కిందటే తేల్చేశాడు.

గ్లూటెన్ లేని భోజనమని బోర్డు పెట్టిన హోటల్ ఒకటి లేకపోలేదు. అక్కడ ఒక్క పూట తింటే ఆ రోజు భత్యం హుష్‌కాకి. లాడ్జి గదిలో పొయ్యి వెలిగించనివ్వరు.

"ఎవరితో కలిసి తింటున్నావే?" ఫోన్లో అమ్మ అడిగింది.

"గోడతో."

అమ్మ నవ్వింది. తను నవ్వలేకపోయింది. అసలు ఏం తింటున్నావని అడగలేదు, అదే నయం.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆకలికి కళ్లు తిరిగాయి. ఫ్యాక్టరీ వెనక సందులో ఒక రొట్టెల హోటల్ ఉంటే, అడిగి చూద్దామని గుమ్మం దాకా వెళ్లింది. లోపల బల్లల మీదంతా తెల్లగా పిండి. వెనుదిరిగింది.

"ఏయ్ అమ్మాయ్! గుమ్మంలోంచే పోతున్నావేం?"

అంట్లు తోమే పెద్దావిడ. మోచేతుల దాకా సబ్బు నురగ.

"గోధుమ పడదమ్మా నాకు."

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లు."

"కడుపు ఉబ్బరమా, వాంతులా?"

"రెండూ."

పెద్దావిడ ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూసింది. "పోయి యజమాని దగ్గర చీటీ కొనుక్కో. ఆ మూల బల్ల దగ్గర కూర్చో. దేన్నీ ముట్టుకోకు."

ఆ బల్లను వేడినీళ్లతో కడిగింది. మూత పెట్టిన కంచం తెచ్చింది. అన్నం, ఉడికించిన చిక్కుళ్లు, ఒక గుడ్డు.

"ఇందులో ఏమీ..."

"మాటలు తర్వాత. ముందు తిను."

భయపడుతూనే తింది. సాయంత్రమైనా కడుపు కిక్కురుమనలేదు. ఆ ఊరు వచ్చాక మొదటిసారి ఆమె ఈల వేసుకుంటూ లాడ్జి మెట్లెక్కింది.

మర్నాటి నుంచి రోజూ అదే వరస. చీటీ, మూల బల్ల, మూత పెట్టిన కంచం. పెద్దావిడ పక్కన కూర్చోదు, కబుర్లాడదు. ఎవరైనా ఆ బల్ల వైపు వస్తే మాత్రం కసురుతుంది.

"అక్కడ కాదు! ఆవలికి పోండి!"

ఎనిమిదో రోజు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు తన జట్టుతో వచ్చింది. మెకానిక్‌ని చూసి చెయ్యి ఊపుతూ కుర్చీ లాగబోయింది.

"ఆ బల్ల దగ్గరికి రావద్దన్నానా!" పెద్దావిడ అరిచింది.

హోటలంతా ఇటే చూసింది. సూపర్‌వైజరు రెండడుగులు వెనక్కి వేసి మెకానిక్ వైపు చూసింది. "ఏం జబ్బండీ మీకు?"

మెకానిక్ మొహం కందిపోయింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"నన్నెందుకిలా వెలేసినట్టు కూర్చోబెడతావు?" ముద్ద కంచంలో పడేసింది. "నాదేమైనా అంటుకునే రోగమా? ఊరికే పెడుతున్నావా? చీటీ కొనుక్కునేగా తింటున్నాను!"

"తిను తల్లీ. చల్లారిపోతుంది."

"నువ్వే తిను!"

కంచం తోసేసి లేచింది. గుడ్డు దొర్లి నేల మీద పడింది. పెద్దావిడ ఆమె వైపు చూడలేదు. వంగి గుడ్డు తీసి, దాని వైపే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత మూడు రోజులు మెకానిక్ గదిలో కూర్చుని పళ్లు, వేరుశనగలు తింది. గొడవ జరిగిన రోజు నోటికి వచ్చిన మాటలు ఇప్పుడు చెవుల్లో మోగుతున్నాయి. మనసుతీరా మాట్లాడటానికి ఈ ఊళ్లో తనకున్నది ఆ ఒక్క మనిషి అని, ఆ మనిషితోనే మాట్లాడలేదని అప్పుడు అనిపించింది.

పన్నెండో రోజు, రైలుకు గంట ముందు రొట్టెల హోటల్‌కి వెళ్లింది. అంట్ల తొట్టి దగ్గర ఎవరో కొత్త మనిషి ఉంది.

"పెద్దమ్మ లేదాండీ?"

"బదులు మనిషమ్మా ఆవిడ," అన్నాడు యజమాని చీటీల పుస్తకం సర్దుకుంటూ. "మా పాత మనిషి వచ్చేసింది. నిన్నటితో ఆవిడ పని అయిపోయింది."

"ఇల్లెక్కడ?"

"నేనడగలేదు. ఆవిడ చెప్పలేదు."

ఆమె గడియారం చూసుకుంది. "పోనీ, ప్రయాణానికి ఒక భోజనం కట్టివ్వండి. నాకు రోజూ పెట్టేదే."

"మాది రొట్టెల హోటలమ్మా. అన్నం ఎప్పుడు వండాం?"

"మరి నేను తిన్నది?"

"ఆవిడ ఇంటినుంచి తెచ్చుకునే డబ్బా. చీటీ లేనిదే నేను కూర్చోనివ్వనని మీచేత కొనిపించేది."

మెకానిక్ బల్ల అంచు పట్టుకుంది. "అయితే నా చీటీ మీద వచ్చే రొట్టెలు ఆవిడ తినేదా?"

యజమాని తల అడ్డంగా ఊపాడు.

"రోజూ తీసిపెట్టేవాణ్ణమ్మా. 'నాకూ గోధుమ పడదయ్యా' అని, రెండు గ్లాసుల నీళ్లు తాగి అంట్ల దగ్గరికి పోయేది."