గుమ్మం పక్కన టైరు

"కారేదీ?" ప్రమాదం కేసు చూడ్డానికొచ్చిన లాయరమ్మ కూర్చోకముందే అడిగింది.

"తుక్కుకి అమ్మేశాం," అంది కోడలు.

"పేలిన టైరు కూడానా? అదే లేకపోతే కేసెలా నిలబడుతుందమ్మా?"

కోడలికి కాలు నిలవలేదు. వంటింటికీ హాలుకీ తిరుగుతూనే ఉంది. ఆ రోజు స్టీరింగ్ తన చేతిలోనే ఉంది. పక్క సీట్లో కూర్చున్న మొగుడు ఇప్పుడు కాలికి కట్టుతో లోపల మంచం మీదున్నాడు. అప్పట్నుంచీ అత్తగారు ఆమెతో మాట్లాడదు. ఏమన్నా గోడలకే చెబుతుంది. గోడలు కూడా విసిగిపోయి ఉంటాయి.

ఇప్పుడూ గోడకే చెప్పింది. "టైరు పెరటి గుమ్మం పక్కనే ఉంది. నేనే పెట్టించాను. కొంప ముంచినవాళ్ళకి రోజూ కనబడాలిగా!"

లాయరమ్మ గబగబా పెరటివైపు వెళ్ళి టైరు ముందు గొంతుక్కూర్చుంది. అత్తాకోడళ్ళు వెనకే వచ్చారు. పై పొర అట్టలా ఊడి వేలాడుతోంది.

"అరగనేలేదు, కొత్తదే. లోపలి పొరలు సరిగ్గా అతుక్కోలేదు. నిపుణుడికి చూపిద్దాం గానీ, నాకైతే తప్పు నడిపినావిడది కాదు, టైరు చేసినవాళ్ళదే అనిపిస్తోంది."

"మరి స్పీడుగా తోలిందని..." అత్తగారి మాట మధ్యలోనే ఆగిపోయింది.

"పారెయ్యకుండా మంచి పని చేశారు పెద్దమ్మగారూ. మీ కోడలికున్న సాక్ష్యం ఇదొక్కటే."

అత్తగారు టైరు దగ్గరికి జరిగింది. వంగి, దాన్ని లోపలికి లాగబోయింది. అది కదల్లేదు.

"ఎండకి పాడైపోతుంది," అంది. ఈసారి గోడవైపు తిరగలేదు. "అలా నిలబడ్డావేం, అమ్మాయీ? ఓ చెయ్యి వెయ్యి."