ఐదో మాట

ఆదివారం ఆరాధన ముగించబోతూ పాస్టరుగారు ఆ సంగతి ప్రకటించగానే హెన్రీ కడుపులో ఎవరో పొయ్యి రాజేసినట్టయింది.

"ఈసారి గుడ్ ఫ్రైడేకు ఐదో మాట మన ఇజ్రాయేల్ చెప్తడు."

సిలువ మీద యేసు పలికిన మాటలు ఏడు. గుడ్ ఫ్రైడే నాడు ఒక్కో మాటనూ ఒక్కొక్కరు లేచి వివరిస్తారు. ఐదోది, ఆయన దాహమన్న మాట, ఏళ్ల తరబడి హెన్రీది. నాంపల్లి కోర్టులో గుమస్తా ఉద్యోగం అతనికి జీతమిచ్చింది గాని, మర్యాద ఇచ్చింది ఆ మాటే. అది విని ఆడవాళ్లు కళ్లు ఒత్తుకునేవారు. ముసలివాళ్లు చెయ్యి పట్టుకుని వదిలేవారు కాదు. ఆ కాసేపటి గౌరవం కోసమే మిగతా ఏడాదంతా లాయర్ల కసుర్లు భరించేవాడు.

ఇప్పుడది ఇజ్రాయేల్‌దట!

మెదక్ నుంచి ఒక్క సూట్‌కేసుతో వచ్చి ఆబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం పెట్టుకున్నవాడు. మొదటిసారి బైబిలు వాక్యం చదవమంటే తడబడినవాడు. అప్పుడు పక్కన నిలబడి ధైర్యం చెప్పింది ఎవరు? హెన్రీయే. ఏకులా వచ్చి మేకులా దిగడమంటే ఇదే మరి.

చర్చి బయట ఇజ్రాయేలే దగ్గరికొచ్చాడు.

"అన్నా, నేనొద్దనే అన్న. గది మా అన్న చెప్పే మాట అని గూడ చెప్పిన. అయ్యగారు ఇనలే."

"మంచిదే గద తమ్మీ. నువ్వే చెప్పు," అని హెన్రీ నవ్వాడు. ఆ నవ్వుకు దవడలు నొప్పి పుట్టాయి.

ఇజ్రాయేల్ అందరికీ మంచివాడు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు వాలతాడు. ఒకరి మాట ఇంకొకరికి మోయడు. తిట్టడానికి వంక దొరకని మనిషిని చూస్తే ఓర్వలేనితనం ఇంకా రెట్టింపవుతుంది.

అయితే వంక లేకపోలేదు. పోయిన నెల ఒక సాయంత్రం, ఆబిడ్స్ సందులో ఉన్న బార్‌లో ఇజ్రాయేల్ అడుగు పెట్టడం హెన్రీ కళ్లారా చూశాడు. ఆ సంగతి సంఘ పెద్దల చెవిన పడితే చాలు. ఇజ్రాయేల్‌కు ప్రసంగించే పుల్పిట్ కాదు గదా, వెనక బెంచీ కూడా దక్కదు.

ఇంట్లో భార్య సుగుణమణి చిక్కుడుకాయలు వలుస్తోంది.

"ఇజ్రాయేల్ బార్‌కు పోయిన ముచ్చట అయ్యగారికి చెప్త," అన్నాడు హెన్రీ.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"గాయన గురించి మీరా చెప్పేది? జరంత దేవుని భయముండాలె."

"ఏంది, నువ్వు గూడ వాని దిక్కేనా?"

ఆమె చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈ మధ్య ఆమె ప్రార్థనలో ఇజ్రాయేల్ పేరు కూడా ఎత్తుతోంది. కట్టుకున్న మొగుడి పేరు కంటే ముందే ఎత్తుతోంది! హెన్రీకి ఆ పూట అన్నం సహించలేదు.

బుధవారం కూడికలో పాస్టరుగారు శోధన గురించే, మనిషిని పాపం వైపు లాగే ఆశ గురించే చెప్పారు.

"శోధన అందరికొస్తది. వచ్చుడు పాపం గాదు. దానికి కుర్చీ ఏసి కూసోబెట్టుడే పాపం. గెలవాలంటే మన బలం చాలదు. మోకాళ్లేసి అడగాలె."

హెన్రీ మోకాళ్లు వేశాడు. నిజంగానే అడిగాడు. ప్రభువా, ఈ మంట చల్లార్చు, నా నోటికి తాళం వెయ్యి, అని వేడుకున్నాడు. కాసేపటికి గుండె తేలికపడింది కూడా. ఇంతలో ముందు వరసలో ఇజ్రాయేల్ ప్రార్థన మొదలుపెట్టాడు. గొంతు తీయగా ఉంది. నలువైపులా ఆమెన్, ఆమెన్ అంటున్నారు. ఒకప్పుడు ఆ ఆమెన్‌లన్నీ హెన్రీవి.

కూడిక అయ్యాక అతను తిన్నగా పాస్టరుగారి గదిలోకి నడిచాడు.

"నువ్వు చూసినవా?" అని పాస్టరుగారు రెండుసార్లు అడిగారు.

"ప్రమాణం చేసి చెప్త అయ్యగారూ. బార్‌కు పోయిండు."

పాస్టరుగారు ఇజ్రాయేల్‌ను పిలిపించారు. "బార్‌కు పోయినవా?"

ఇజ్రాయేల్ హెన్రీ వైపు చూశాడు. హెన్రీ తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"ఔ అయ్యగారూ. పోయిన."

"ఎందుకు పోయినవు?"

ఇజ్రాయేల్ పెదవులు కదిలాయి. మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాటను అతి కష్టం మీద మింగేశాడు.

"గది అడగకున్రి. పోయింది మాత్రం నిజం."

హెన్రీ అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

గుడ్ ఫ్రైడే నాడు ఐదో మాట మళ్లీ హెన్రీదే అయింది. బాగా చెప్పాడు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. సుగుణమణి తలనొప్పని రాలేదు. చివరి బెంచీలో ఇజ్రాయేల్ ఒక్కడే కూర్చున్నాడు. ఆ పక్కకు ఎవరూ జరగలేదు.

ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన హెన్రీ భుజం తట్టాడు. "స్నేహితుడని చూడకుండ సత్యం చెప్పిన్రు. శోధన గెలిచిన్రు!"

జనం పలచబడ్డాక ఇజ్రాయేల్ వచ్చాడు. "మంచిగ చెప్పినవ్ అన్నా," అని, నాంపల్లి స్టేషన్ వైపు ఒంటరిగా నడిచిపోయాడు. పరువు పోయినవాడి ముఖంలో అంత నెమ్మది ఎలా ఉంటుందో హెన్రీకి అర్థం కాలేదు. అది చూసి మళ్లీ కడుపు మండింది.

పోయిన నెల ఆ సాయంత్రం సుగుణమణి ఏడుస్తూ ఫోన్ చేస్తే ఇజ్రాయేల్ ఆ బార్‌లో అడుగు పెట్టింది, బల్ల మీద వాలిపోతున్న హెన్రీని భుజాన వేసుకుని గుట్టుగా ఇంటికి చేర్చడానికే.