బెట్టు చేప

ఆ పొద్దున ఆకాశం కురవనూ కురవలేదు, తెరిపీ ఇవ్వలేదు. మబ్బు కమ్ముకుని బెట్టు చేస్తూ కూర్చుంది. కింద టైలరు ఇంట్లోనూ అదే వరస. మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. ఆమె సంచీ సర్దుకుని గుమ్మం పక్కన పెట్టింది.

"అత్తయ్యా! మీ అబ్బాయి నోటినుంచి ఒక్క మాట ఊడిపడకపోతే మధ్యాహ్నం బస్సుకి మా అక్క దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పండి."

టైలరు అదే గదిలో, మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

"అమ్మా! ఆ బస్సు ఈమధ్య ముందే వచ్చేస్తోందని చెప్పు."

అత్తగారు ఇద్దరినీ చూసింది. విసురుగా వంటింట్లోకి వెళ్ళి, కూర తరుగుతున్న మామగారి ముందు నిలబడింది.

"మాటలు మోసి మోసి నా నోరు అరిగిపోయింది. ఏదో ఒక ప్రాణిని తెచ్చి వాళ్ళ మధ్య పడేయండి. దానికి చెప్పుకుంటారు."

"కుక్కనా?"

"కుక్క తిరిగి అరుస్తుంది. నోరు లేనిదాన్ని తెండి."

మామగారు గొడుగు తీసుకుని వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక చంకలో గాజు తొట్టి, రెండో చేతిలో నీళ్ళు పోసి మూతి కట్టిన ప్లాస్టిక్ సంచీ. అందులో బొటనవేలంత నీలం చేప. తోక మాత్రం కుచ్చులు పోసిన గౌనులా ఉంది.

"బెట్టా అంట దీని పేరు."

"బెట్టా? అయితే సరైన ఇంటికే వచ్చింది," అంది అత్తగారు.

"దీనికి జత పనికిరాదట. ఇంకోదాన్ని కలిపితే చచ్చేదాకా కొట్టుకుంటాయట. కొళాయి నీళ్ళలో ఈ మందు చుక్కలు వెయ్యాలి. సంచీని కాసేపు నీళ్ళమీద తేలనిచ్చి అప్పుడు చేపని వదలాలి. కొట్టువాడు ఇంకోటేదో కూడా చెప్పాడు, గుర్తు రావట్లేదు. నా నడుం పట్టేసింది, మీరిద్దరూ సర్దండి." అని ఆయన కుర్చీలో కూలబడ్డారు.

కత్తిరింపు బల్లమీద, బేరగాళ్ళు చూసుకునే నిలువుటద్దం పక్కన తొట్టి పెట్టి, టైలరు అడుగున రాళ్ళు పరిచాడు. కోడలు ఒక రాయి తీసి వేలితో తడిమింది. సంచీలోని చేప వైపు తిరిగింది.

"చేపా, ఈ రాళ్ళు గరుగ్గా ఉన్నాయి. తోక చిరిగితే కుట్టించుకుందువుగాని, ఇంట్లోనే టైలరున్నాడు."

టైలరు కూడా చేప వైపే తిరిగాడు.

"చేపా, రాళ్ళు నున్నగానే ఉన్నాయని చెప్పు. కొందరి నోటికన్నా నయమని కూడా చెప్పు."

మందు కలిపిన నీళ్ళు పోశారు. సంచీ ఇలా తేలిందో లేదో అతను కత్తెర అందుకున్నాడు.

"చేపా, కాస్త ఆగమను. కొందరికి పెళ్ళిచూపులనాటినుంచీ తొందరే."

"చేపా, ఆ తొందరలోనే ఇరుక్కుపోయానని చెప్పు."

గుమ్మంలో నిలబడిన అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కాసేపాగి చేపని వదిలారు. అది ఒక చుట్టు తిరిగి, అద్దంలో తన నీడని చూసింది. మొప్పలు విప్పింది. రెక్కలు బార్లా చాపి గాజుకేసి పొడిచింది.

"చేపా, అక్కడున్నది నువ్వే. నువ్వు తగ్గితే అదీ తగ్గుతుంది," అంది కోడలు.

"చేపా, ముందు అద్దంలోదాన్ని తగ్గమను," అన్నాడు టైలరు.

ఆమె మొహంలో నవ్వు పోయింది. వీధిలోకి ఒకసారి చూసింది. గుమ్మం పక్కనున్న బట్టల సంచీ చేతిలోకి తీసుకుంది.

టైలరు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. "చేపా..." అన్నాడు.

టప్‌మని చప్పుడు. చేప తొట్టిలోంచి ఎగిరి కింద గుడ్డపేలికల్లో పడింది. పొద్దుటినుంచీ కత్తిరించినదంతా నీలం గుడ్డే. నీలం ముక్కల్లో నీలం చేప.

"ఏవండీ, కదలకండి! కాలు!"

"నువ్వు అటు వెతుకు! ఆ ముక్క కాదే, దాని కిందది!"

"ఇదిగో దొరికింది! తొట్టి ఇలా తెండి, తెండి!"

తొణికిన నీళ్ళన్నీ ఆమె వదిలేసిన బట్టల సంచీమీద పడ్డాయి. దోసిట్లోంచి జారిన చేప అడుగుదాకా మునిగింది. కదల్లేదు. ఇద్దరూ తొట్టిమీదికి వంగారు. తోక ఒకసారి ఆడింది. లేచి ఈదింది.

"ఆఁ, మూత!" అన్నారు మామగారు కుర్చీలోంచి. "మూత పెట్టమన్నాడురా, గుర్తొచ్చింది!"

టైలరు భార్య వైపు చూశాడు. "ముందు మాట్లాడింది నువ్వే."

"నేనా? ఏవండీ అన్నది చేపని."

"చేపకి కాలుంటుందా?"

ఆమెకి నవ్వాగలేదు. అతను వల గుడ్డ తీసి, టేపుతో తొట్టి మూతి కొలిచి, అంచుకి ఎలాస్టిక్ వేసి కుట్టాడు. అంచు జారకుండా ఆమె పట్టుకుంది. వీధి చివర బస్సు హారను మోగింది. "తడిసిన బట్టలేసుకుని ఎవరింటికైనా ఎలా పోతాం?" అంది ఆమె, ఎవరూ అడక్కపోయినా.

ఆ గదిలోనే నలుగురూ భోజనాలకి కూర్చున్నారు.

"నాన్నా, చేపని తేవాలని మీకెలా తోచింది?" అన్నాడు టైలరు.

మామగారు మీసం సవరించుకున్నారు. "తోచాలిరా మరి. దానికి బుర్రుండాలి."

అత్తగారి చేతిలో గరిట గిన్నె అంచుకి ఖంగుమని తగిలింది.

బయట వాన మొదలైంది. కొడుకూ కోడలూ ఒకరి కంచంలోకి ఒకరు చూసుకుంటూ తింటున్నారు. మామగారు ఒక ముద్ద తిని ఆగారు. కూర చప్పగా ఉంది. ఉప్పు గిన్నె అత్తగారి మోచేతి దగ్గరుంది. ఆయన దగ్గారు. గొంతు సవరించుకున్నారు. ఆవిడ తలెత్తలేదు.

చివరికి ఆయన మెల్లగా తొట్టి వైపు తిరిగారు.

"ఏరా చేపా, ఆ ఉప్పు కాస్త ఇటు జరపమని ఆవిడతో చెప్పు."