లోపలి గడియ

“ఆఫీసు మూసేయడం ఒకందుకు మంచిదే సార్. ఇక ఈవిడ ఇంట్లోనేగా ఉండేది! అమ్మను చూసుకునే ఆయాను నిన్ననే మాన్పించేశాను,” అన్నాడు మా ఫోన్ ఆపరేటరు భర్త హుషారుగా.

ఆమె తల వంచుకుంది. రేపటి నుంచి ఆమె ఇంట్లోంచే జనం ఫిర్యాదులు వినాలి. బల్ల, లైటు, నెట్టు సరిగా ఉన్నాయో లేదో చూసి రమ్మని కంపెనీ నన్ను పంపింది.

పక్కగదిలోంచి అత్తగారు మూడోసారి పిలిచింది. ఆపరేటరు మూడోసారి లేచి వెళ్ళింది.

“కాల్ మధ్యలో ఇలా లేస్తే ఉద్యోగం ఊడుతుంది బాబూ,” అన్నాను.

“రెండు నిమిషాలేగా సార్!”

“ఈ గదికి లోపల గడియ ఉండాలి. తొమ్మిది నుంచి ఐదు దాకా ఎవరూ తలుపు తట్టకూడదు. రూలు.”

అతను మొహం మాడ్చుకున్నాడు. “మరి అమ్మనెవరు చూస్తారు?”

“ఆయాను మళ్ళీ పిలవండి.”

నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చిన ఆపరేటరు గొంతు తగ్గించి అడిగింది. “నిజంగా ఆ రూలుందా సార్?”

“లేదమ్మా. ఇప్పుడే పెట్టాను.”

ఆమె నవ్వింది. “మీ ఆవిడ అదృష్టవంతురాలు సార్.”

చెప్పులు వేసుకున్నాను. పోయిన మా ఆవిడ ఇరవై ఏళ్ళు ఇంట్లోనే మిషను కుట్టింది, వంటింటి పక్క నడవలో. మంచినీళ్ళకు కూడా నేను ఆవిడనే లేపేవాణ్ణి.