రెండేళ్ల మాత్రలు

తుంగభద్రకు వరదొచ్చి డ్యాము గేటు కొట్టుకుపోయిన ఏడు అది. ఈసారి కాలవకు నీళ్లొస్తాయో రావోనని గోరేబాళలో రైతులంతా దిగులు పడుతుంటే, హనుమయ్య ఇంట్లో మాత్రం ఇంకో గొడవ నడుస్తోంది.

హనుమయ్య మనవడు లోకనాథ్ సైన్యంలో చేరబోతున్నాడు. రాత పరీక్ష అయింది. రాయచూరులో పరుగూ అయింది. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. ఎల్లుండి డాక్టరు పరీక్ష. అది గట్టెక్కితే ఉద్యోగం వచ్చినట్టే.

ఆ సాయంత్రం అన్నం దగ్గర హనుమయ్య నోరు తెరిచాడు. మామూలుగా తినడానికి తప్ప తెరవడు.

"మందుల సంగతి అడుగుతార్రా."

లోకనాథ్ చేతిలో ముద్ద ఆగింది. "అడిగితే?"

"చెప్పాలి. చిన్నప్పుడు రెండేళ్లు ఫిట్సు మాత్రలు వాడానని చెప్పాలి."

లోకనాథ్ తల్లి కుసుమకుమారి గరిటె కింద పెట్టింది.

"ఎప్పుడో నాలుగో తరగతి నాటి మాట అది, మావయ్యగారూ. చెప్పకపోతే కొంపేం మునగదు."

"రేపు తుపాకీ పట్టుకుని నిలబడ్డప్పుడు వస్తే? పక్కనున్నవాడి కొంప మునుగుతుంది."

హనుమయ్యతో ఇదే ఇబ్బంది. ధాన్యం కొనేవాడు అడక్కముందే "తేమ ఉంది, చూసుకో" అంటాడు. ఓసారి పెళ్లిచూపులకు పెద్దమనిషిగా తీసుకెళితే, పెళ్లికొడుకు గురక పెడతాడని ఆడపిల్లవాళ్లకు చెప్పి, కాఫీ తాగి వచ్చాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయన్ని పెళ్లిచూపులకు పిలవలేదు.

ఫిట్సు సంగతి ఊరంతటికీ తెలుసు. నాలుగో తరగతిలో జయతీర్థ మేష్టారు బెత్తం పట్టుకుని, కన్నడంలో "హదిమూరర మగ్గి హేళు" అన్నాడు. పదమూడో ఎక్కం చెప్పమని. లోకనాథ్ లేచి నిలబడ్డాడు. రెండు వరసలు చెప్పి దబ్బున పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. ఎవరో పరుగున వచ్చి చేతిలో తాళాలగుత్తి పెట్టారు. వారం తిరక్కుండా మళ్లీ పడ్డాడు. అదే బడిలో, అదే బల్ల పక్కన.

సింధనూరులో డాక్టరు మాత్రలు రాశాడు. "రెండేళ్లు వాడాలి. ఒక్క పూట తప్పినా మళ్లీ వస్తాయి" అన్నాడు.

హనుమయ్య ఒక్క పూట తప్పలేదు. రోజూ అన్నం తిన్నాక మనవణ్ణి ఇనప మంచం మీద కూర్చోబెట్టేవాడు. నాలుక మీద మాత్ర పెట్టి, నీళ్లు తాగించి, దుప్పటి కప్పేవాడు.

ఫిట్సు మళ్లీ రాలేదు. డాక్టరు ఆ ఘనత తన మందుదేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. జయతీర్థ మేష్టారు భయపడి బెత్తం పారేశాడు. ఎక్కాలు అడగడం కూడా మానేశాడు. కుసుమకుమారి శనివారాలు ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. అది మాత్రం ఇప్పటికీ మానలేదు.

"ఎల్లుండి నేనూ వస్తా" అన్నాడు హనుమయ్య, చెయ్యి కడుక్కుంటూ. "వాడు చెప్పకపోతే నేను చెబుతా. నా చేత్తో వేసిన మందు."

"తాతల్ని లోపలికి రానివ్వరు, తాతా" అన్నాడు లోకనాథ్.

"గేటు బయట నిలబడి అరుస్తా. గేట్లు ఏపాటివో ఈ ఏడు చూశాంగా."

కుసుమకుమారి కళ్లు తుడుచుకుంది. "ఏడాదిగా కాలవ గట్టు మీద పరుగెత్తి పరుగెత్తి సగమయ్యాడండీ పిల్లాడు. అంతా ఉత్తినే పోతుందా?"

"పోతే పోనీ. అబద్ధం చెప్పి ఆ బట్టలు తొడుక్కుంటాడా?"

లోకనాథ్ కంచం ముందు నుంచి లేచాడు. వెళ్లి తన మంచం మీద వాలాడు. నాలుగో తరగతి నాటి మంచమే అది. ఇప్పుడు సగం కాళ్లు బయటే ఉంటాయి. కదిపితే గలగలమంటుంది. పాత ఇనుము కొనేవాడికి వేసేద్దామని కుసుమకుమారి ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోడు. "మిలిట్రీకి కూడా ఈ మంచం మోసుకెళతాడేమో" అని ఇంటికొచ్చినవాళ్లు నవ్వుతుంటారు.

కాసేపటికి మంచం మీంచే పిలిచాడు.

"తాతా."

"ఊఁ."

"నిజం చెబితే తిడతావా?"

"నిజం చెప్పినవాణ్ణి ఈ ఇంట్లో ఎప్పుడైనా తిట్టామట్రా?"

"అమ్మ తిడుతుందేమో."

"మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాలే."

"జయతీర్థ మేష్టారు?"

"మధ్యలో ఆయనెందుకురా?"

లోకనాథ్ అటు తిరిగి పడుకున్నాడు. మంచం గలగలమంది.

మర్నాడు పొద్దున్నే లోకనాథ్ ఆ మంచాన్ని వాకిట్లోకి మోసుకొచ్చి, తలవైపు పైపుకున్న మూత ఊడబెరికి, తాతా తల్లీ చూస్తుండగా తలకిందులు చేస్తే, రెండేళ్ల ఫిట్సు మాత్రలూ జలజలా వాకిట్లో రాలాయి, ఒక్క పూటదీ తప్పకుండా.